వెనక్కి పిలుస్తారని లేచాను

నేను ఒకసారి కుర్చీలోంచి లేచి నడిచినందుకు మా ఊరి బడి పిల్లలు ఏడాదంతా లెక్కల్లో వెనకబడ్డారు. తుఫాను రాలేదు, గోడ కూలలేదు. నేను లేచాను, అంతే. ఎట్లా లేచానో చెబుతాను. నవ్వండి, కానీ మా ఊరివాళ్ళ ముందు మాత్రం నవ్వకండి. వాళ్ళ కోపం ఇంకా చల్లారలేదు.

కరీంనగర్ దగ్గరి ఒక ఊళ్ళో మాది బట్టల దుకాణం. చీరల మూటల మధ్య పాకి పెరిగినవాణ్ణి. సరుకు కొనడానికి వెంట తీసుకుపోయినప్పుడల్లా మా బాపు ఒకటే పాఠం చెప్పేవాడు: "అడుగకముందే ఇస్తనన్నడంటే గా సరుకుల ఏదో చిల్లి ఉన్నట్టె. ధర కుదరకపోతే లేచి నడువు, వాడే పిలుస్తడు. పిలువకపోతే చెప్పు సవరించుకున్నట్టు జర వంగు. మనసు మార్చుకునే టైం ఇయ్యాలె గద!"

ఈ విద్యతోనే సైకిలు కొన్నాను, ఫ్రిజ్ కొన్నాను. పెళ్ళిచూపుల్లో కూడా అలవాటుగా లేవబోతే మా అవ్వ తొడ మీద గిచ్చి కూర్చోబెట్టింది. లేకపోతే ఈ కథకు అవసరమైన కూతురు నాకు ఉండేదే కాదు.

అలాంటి నన్ను, బేరగాడు బడికి పనికొస్తాడని, బడి కమిటీకి చైర్మన్‌ను చేశారు. మొదటి మీటింగులో బడి పెద్ద మేడమ్ అడిగింది, "ముందుగాల ఏ పని పట్టుకుందాం?" అని.

మా దుకాణం పక్కన జాకెట్లు కుట్టే రజియా వైస్ చైర్మన్. ఆమె తడుముకోకుండా చెప్పింది: "ఆరు, ఏడు తరగతులకు లెక్కల సారు లేడు. ఒక్కొక్క పిల్ల ప్రైవేటు బడి బస్సెక్కుతున్నది. గిట్లనే అయితే మన బడి మూతపడ్తది. ముందు సారును తెద్దాం."

అందరూ తలూపారు. అందరూ ఒకేసారి తలూపితే నాకు అనుమానం.

"ముందు తాళం," అన్నాను.

"దేనికి?"

"బియ్యం గదికి."

"ఉన్నది గద సేటు!"

"గా తాళం మీది. నా తాళం పడాలె."

వేశాను. తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఆనాటి నుంచి బడి పిల్లలకు మధ్యాహ్నం వంట చేసే ఎల్లవ్వ రోజూ మా దుకాణంలో చీరలు చూసేవాళ్ళ మధ్య నిలబడి "సేటూ, బియ్యం!" అని కేకేసేది. పెద్ద మేడమ్ నవ్వితే ఎందుకు నవ్విందా అని ఆలోచించేవాణ్ణి. నవ్వకపోతే ఏం దాస్తోందా అని ఆలోచించేవాణ్ణి. కాపలా కుక్కకైనా మధ్యలో కాస్త కునుకు ఉంటుంది.

చివరికి రజియా పోరు పడలేక ఇద్దరం కరీంనగర్‌లో చదువుల ఆఫీసు మెట్లెక్కాం. ఆఫీసరు మా మాట వినీ వినగానే, "లెక్కల సారే గద? ఒకాయన ఉన్నడు. వారంల నాలుగు రోజులు మీకు, రెండు రోజులు పక్కూరికి. సోమారం నుంచే వస్తడు," అన్నాడు.

నాకు బాపు పాఠం గుర్తొచ్చింది. ఇంత తొందరగానా? టీ కూడా రాకముందే?

"సార్, గా సారుకు ఏమన్న ఉన్నదా?"

"ఏముంటది?"

"అంటే... ఎవలన్న వాపస్ ఇచ్చిండ్రా?"

ఆఫీసరు కళ్ళద్దాలు తీశాడు. "మనిషయ్యా ఆయన! రంగు పోయిన చీర కాదు."

రజియా మోచేత్తో పొడిచింది. "హౌ అను భాయ్, ఒప్పుకుంటే అయిపోతది."

వెంటనే హౌ అనడానికా నేను చీరల మూటల మధ్య పెరిగింది? "ఆరు రోజులూ మాకే కావాలె. నాలుగైతే మాకద్దు," అన్నాను.

"ఉన్నయే నాలుగు."

"అయితే వస్తం సార్," అని లేచాను. రజియాకు కన్ను గీటాను. ఆమె కుర్చీకి అతుక్కుపోయింది. సరే, ఒక్కణ్ణే నడిచాను. తలుపు దగ్గర చెప్పు సవరించుకున్నాను. పిలుపు లేదు. వరండాలో ఇంకోసారి వంగాను. లేదు. మెట్ల మీద ఎంత గట్టిగా సవరించానంటే పట్టీ పుటుక్కున తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకొని, గేటు దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డాను.

వెనక అడుగుల చప్పుడు! వెంటనే తిరగలేదు. తిరిగితే ధర పడిపోతుంది.

"భాయ్." రజియా గొంతు.

"పిలిచిండ్రా?"

"పిలిచిండ్రు. నిన్ను కాదు, పక్కూరి చైర్మన్‌ను. నీ ఎనుకనే నిలబడ్డడు. నువ్వు లేవంగనే నీ కుర్చీల కూసున్నడు. నాలుగు రోజులు ఆయనకే రాసిచ్చిండ్రు."

"మరి మనకు?"

"'సార్, ఆయన లేచిండు, నేను లేవలే' అన్న. మిగిలిన రెండు రోజులు ఇచ్చిండ్రు."

సోమవారం సారు వచ్చాడు. చిల్లి ఎక్కడుందో చూద్దామని కిటికీ పక్కన నక్కాను. లేదు. ఎంత వెతికినా లేదు. పిల్లలు లెక్కలు చేస్తూ నవ్వుతున్నారు. అదే నన్ను పూర్తిగా ముంచింది.

ఏడో తరగతి చదివే నా కూతురు ఆ సాయంత్రం అడిగింది: "బాపూ, సారు లాభనష్టాల లెక్క ఇచ్చిండు. ఒకాయనకు నాలుగు మామిడి పండ్లు ఇస్తమంటే, ఆరైతేనే అని అలిగిండట. ఆఖరికి రెండే దొరికినయట. నష్టమెంత?"

"ఎంతొచ్చింది బిడ్డా?"

"రెండు పండ్లు, ఒక చెప్పు."

మరుసటి మీటింగులో తల్లులందరూ నా మీద విరుచుకుపడ్డారు. "నీ బేరం పాడుగాను! మా పిల్లలు ఏం కావాలె?" అని ఒకామె ఏడ్చినంత పని చేసింది. నాకు పౌరుషం వచ్చింది. "గట్లయితే నేను రాజీనామా చేస్త!" అని లేచి నడిచాను. ఆఫీసరు పరాయివాడు, వీళ్ళు నావాళ్ళు, పిలవకపోతారా? గేటు దగ్గర కొత్త చెప్పు సవరించుకున్నాను.

"భాయ్! ఆగు భాయ్!"

రజియా! నా ఛాతీ ఉప్పొంగింది. రెండోసారి పిలిచేదాకా ఆగి, మెల్లగా తిరిగాను.

"బియ్యం గది తాళం చెవి ఇచ్చిపో. పిల్లలకు ఆకలైతున్నది."

ఇప్పుడు రజియానే చైర్మన్. వీలున్నప్పుడల్లా ఆ ఆఫీసుకు పోయి కూర్చుంటుంది. ఏమీ అడగదు, ఊరికే కూర్చుంటుంది. ఈ ఏడాది సారు ఆరు రోజులూ మా బడిలోనే ఉంటున్నాడు.

కనుక మా బాపు గజంబద్ద మీద, తెగిన నా చెప్పు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక నేను ఎక్కడా, ఎవరి ముందూ, పిలుస్తారని లేవను. నా మాట నమ్మబుద్ధి కాకపోతే మీరు లేచి వెళ్ళవచ్చు. నేను తప్పకుండా వెనక్కి పిలుస్తాను. ఆ గేటు దగ్గర నిలబడటం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.