మంచు బండి కింద దుప్పట్లు

మధ్యాహ్నం పూట ఇప్పుడు మిక్సీ వేస్తున్నాను. ఇదివరకు ఆ వేళకు గిన్నె చప్పుడు కూడా కానిచ్చేదాన్ని కాదు. ఆయన తెల్లవారకముందే పనికి పోయి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇంటికొచ్చి పడుకునేవారు. ఎండ వాలాక, అసర్ నమాజు తర్వాత మళ్లీ పోయేవారు.

మా ఆయన పేరు ఇస్సాక్. మాది కడప జిల్లా. ఇక్కడ సౌదీలో, రాబిగ్ అనే ఊళ్లో ఒక యూనివర్సిటీ వర్క్‌షాపులో ఆయన టెక్నీషియన్. దక్షిణ ధ్రువం మంచులో మనిషి లేకుండా తిరిగి, మంచు లోతు కొలిచే బండిని అక్కడ చేశారు. అది ఎండతోనే నడుస్తుంది. ఆ మంచు దేశంలో సూర్యుడు నెత్తిమీదికి రాడట, నేల అంచునే తిరుగుతాడట. అందుకని సోలార్ పలకలను నాలుగు పక్కలా గోడల్లా నిలబెట్టారు. మన మిట్టమధ్యాహ్నపు ఎండ వాటికి సరిగా తగలదు.

"ఎండల దేశంలో ఎండ సాలక నిలబడే బండి మాదొక్కటే," అని నవ్వేవారు.

మంచు తెల్లగా ఉండి వెలుగును పలకల మీదికి కొడుతుందట, ఇసుక అంత కొట్టదు. ఒకరోజు అడిగారు.

"మాబున్నీ, తెల్ల దుప్పట్లు ఎన్నుండాయి?"

"యాడన్నా బండికి పక్కేస్తారా?"

"ఏస్తాం. మంచనుకోని పరిగెత్తాల అది."

గాలికి లేవకుండా మేకులు కొట్టుకోవడానికి అంచులకు గుడ్డ ఉంగరాలు కుట్టిచ్చాను. మాసినప్పుడల్లా ఉతికిచ్చాను.

పోయిన నెల ఒక సాయంత్రం ఆ దుప్పటి మీదే మోకాళ్లూని ముందుకు వంగారట. చక్రం చూస్తున్నారని అందరూ అనుకున్నారు. గుండె ఆగిపోయింది. మట్టి కూడా ఇక్కడే ఇచ్చారు. ఆయన బట్టలు పక్కింటివాళ్లు ఉతికి పంచేశారు.

నిన్న ఆయనతో పనిచేసే జబీ దుప్పట్ల మూటతో వచ్చాడు. భర్త పోయాక పరాయి మగవాళ్ల ఎదుట పడకూడని ఇద్దత్‌ గడువులో ఉన్నానని తలుపు బయటే నిలబడ్డాడు.

"వదినా, బండి ఓడెక్కతాంది. ఎల్లుండే కడాకరి టెస్టు. దుప్పట్లు ఉతికిస్తావా?"

"కొత్తవి కొనుక్కోరాదా?"

"ఇంజనీరు ఒప్పుకోల్యా. ముందు టెస్టులన్నీ ఈటి మీదే సేసినామంట. అన్న బండి గదా వదినా, నిలబడగూడదు."

మూట విప్పితే ఒకదాని మీద రెండు మోకాళ్ల గుర్తులు, పక్కన గ్రీజు చేయి. వేళ్లు విప్పుకుని ఉన్నాయి.

మిగతావన్నీ నీలిమందు పెట్టి ఉతికి ఆరేశాను. ఆయన బండి నడవాలి. తర్వాత జబీకి ఫోన్ చేశాను.

"ఒకటి తక్కువొస్తాది. బండి ఆగిపోతే?"

"ఆగదులే వదినా. ఆగితే నేను తోస్తా."

ఆ దుప్పటి కోసం పట్టిన బకెట్ నీళ్లు పారబోశాను.