ధైద్ తోటలో దీమం నేనే

తుపాకీ లేదు, వల లేదు, ఉచ్చు లేదు. అయినా 2007 మార్చిలో ఒక శుక్రవారం నేను దుబాయ్ నుంచి వేటకెళ్లి గెలిచొచ్చాను. నేను హాస్పిటల్‌లో నర్సుని. సూది పట్టుకున్న చేతికి వేటేమిటి అని నవ్వేవాళ్లు నవ్వండి, చివరిదాకా చదివాక మాట్లాడుకుందాం. అసలు ఇది మొదలైంది ఫిబ్రవరిలో. నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటర్నేషనల్ సిటీలో మా బిల్డింగ్ ముందు హాస్పిటల్ బస్సు దిగానో లేదో, వెనకాల ఖాళీగా పడి ఉన్న ఇసుక స్థలంలోంచి కౌజు కూసింది. కౌజంటే తెలియని వాళ్లకి చెబుతున్నాను: కోడిపెట్టలో సగం కూడా ఉండదు, ఒళ్లంతా బూడిదరంగు చారలు, ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. గొంతు మాత్రం ఊరంతా వినపడుతుంది. ముందు మెల్లగా టిక్కుటిక్కుమని, తర్వాత పైకెక్కి "కిటీటర్, కిటీటర్" అంటుంది. ఇన్నేళ్ల దుబాయ్‌లో నేనది వినడం అదే మొదలు. బ్యాగు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాను.

చింతలపూడి దగ్గర మెట్ట ఊరు మాది. మా మేనమామ యేసుపాదానికి ఒకప్పుడు కౌజుల వేటే లోకం. పంజరంలో పెంపుడు కౌజును పెట్టి చేలో ఉంచేవాడు. దాన్ని దీమం అంటారు. దీమం కూసిందంటే, నా చేలో నువ్వెవడివిరా అని అడవి కౌజు రోషంతో పరుగెత్తుకొచ్చి చుట్టూ పెట్టిన ఉచ్చుల్లో పడుతుంది. దీమం మొండికేసిన రోజున మావయ్యే నోటితో కూసేవాడు. ఆ కూత నేను ఎనిమిదో తరగతికే పట్టేశాను. ఆడపిల్లకి ఇవేం కూతలే అని అమ్మ చీపురు తిరగేసేది. మావయ్య మాత్రం, "కూత బాగానే ఉందే కరుణా, ఊరుకోవడమే రాలేదు నీకు," అనేవాడు. నిజమే, నా నోట్లో నువ్వుగింజ నానదు. మావయ్య వేట మానేసి ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకుని చాలాకాలమైంది.

ఆ పొద్దున ఈ కథంతా మా ఆయన ప్రభాకర్‌కి చెప్పాను. ఆయన జెబెల్ అలీలో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్. "నీ నోటికి పిట్టలు రావడం కూడానా? ఉన్నవి పారిపోకపోతే చాలు," అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఒక కౌజును నా కాళ్ల దగ్గరికి పిలిచి చూపిస్తే తప్ప మళ్లీ చికెన్ వండనని శపథం చేశాను.

దారి దానంతటదే దొరికింది. నా వార్డులో ఒక అరబ్ ముసలమ్మ ఉండేది. షార్జా అవతల ధైద్ అనే ఊళ్లో ఉన్న వాళ్ల తోటకి కాపలాదారు షేర్ జమాన్ ఆమెకు పాలూ ఖర్జూరాలూ తెస్తుండేవాడు. పఠాన్, గడ్డం నెరిసిన మనిషి, అందరికీ ఖాన్ చాచా. మీ తోటలో తీతర్లు ఉన్నాయా అని అడిగితే (హిందీలో కౌజును తీతర్ అంటారు) ఆయన కళ్లు వెలిగాయి. "మార్చిలో రా సిస్టర్. అప్పుడు మగవి ఒకదాని మీద ఒకటి కూస్తూ గొడవ పడతాయి. కానీ షికార్ మమ్నూ హై. దేఖో, సునో, బస్," అన్నాడు. చంపడం, పట్టడం నిషేధం, చూసి విని రావడమే. నాకు కావలసిందీ అంతే. యజమానిని అడిగి అనుమతి కూడా ఆయనే తెచ్చాడు.

అక్కడ వారం సెలవు శుక్రవారమే. ఆ రోజు చర్చిలో ప్రార్థన కూటానికి ఎగనామం పెట్టి, తెల్లవారుజామున ఐదింటికి ముందే మా పాత కరోలాలో బయలుదేరాం. ఎమిరేట్స్ రోడ్డెక్కి, షార్జా ఎయిర్‌పోర్టు దాటాక ధైద్ రోడ్డు పట్టుకుంటే ఆ వేళ గంటలోపే ధైద్. పెట్రోలు రానూపోనూ ముప్పై దిర్హాములు దాటలేదు. కారు లేనివాళ్లకి షార్జా నుంచి ధైద్ దాకా షేర్ టాక్సీలు దొరుకుతాయి, అక్కడినుంచి తోటల్లోకి మాత్రం ఎవరైనా వచ్చి తీసుకెళ్లాలి. ఊరి మొదట్లో మలయాళీ హోటల్లో దిర్హాముకి ఒక చాయ్, వేడి పరోటా. కౌంటర్ దగ్గరున్న ఆయన నా చేతిలో బైనాక్యులర్ చూసి, "దీదీ, స్ట్రాబెర్రీ తోటకా?" అన్నాడు. "కాదన్నా, వేటకి," అన్నాను. ఆయన మా ఆయన వంక జాలిగా చూశాడు.

తోట చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఖర్జూరపు చెట్ల వరసలు, మధ్యలో పశువుల మేతకు పెంచే పచ్చగడ్డి మడులు, కంచె అవతల ఇసుక దిబ్బలు, ముళ్లచెట్లు. నాలుగు దిక్కులా కౌజులు కూస్తున్నాయి! నేను చెట్టు మొదట్లో కూలబడి, అరచేతులు నోటికి గూడులా పెట్టి కూశాను. వెంటనే ముళ్లచెట్ల వైపునుంచి బదులొచ్చింది. ఆనందం పట్టలేక మళ్లీ కూశాను. అది బదులిచ్చింది, నేను ఇచ్చాను, అది, నేను. సంతలో బేరంలాగా అరగంట నడిచింది. కంచె దాకా వచ్చి, ఠక్కున నోరు మూసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఇంకో రెండిటితోనూ అదే కథ. ఎండ ఎక్కాక అన్నీ ఊరుకున్నాయి. "చికెన్ లేదన్నమాట," అన్నారు మా ఆయన.

ఖాన్ చాచా తన గది ముందు చాప పరిచి నాన్, ఆమ్లెట్, పాలు లేని టీ పెట్టాడు. అప్పుడు చూపించాడు తన బాద్షాని. వసారాలో వేలాడే గుండ్రటి పంజరం, పైన గుడ్డ, లోపల మగ కౌజు. పిల్లగా ఉన్నప్పుడు బజారులో కొని తెచ్చుకుని చేత్తో మేపి పెంచాడట. "ఇక్కడ నన్ను పొద్దున్నే లేపేది ఇదొక్కటే, సిస్టర్. ఇది కూస్తే నేను మా ఊళ్లోనే ఉన్నాననిపిస్తుంది," అన్నాడు, పంజరంలోకి వేలు పెట్టి దాని తల నిమురుతూ. తర్వాత నీళ్ల మోటారు కట్టేయడానికి వెళ్లాడు.

మా ఆయనకి కొత్త డిజిటల్ కెమెరా పిచ్చి. పంజరం కిందికి దించి, గుడ్డ తీసి, ఫొటోకి కమ్మీలు అడ్డొస్తున్నాయని తలుపు నాలుగు వేళ్ల మేర పైకెత్తారు. పెంపుడు పావురంలా కుదురుగా ఉంటుందనుకున్నారట. సరిగ్గా అప్పుడే నేను, ఫొటోలో పిట్ట మెడ నిక్కించి ఉంటే బాగుంటుందని, దాని మొహం మీదే కూశాను. అంతే! బాద్షా బుర్రున లేచి, ఆయన చేతిని తన్నుకుని బయటపడి, గడ్డి మడిలో మాయమైంది. తప్పు ఆయన చేతిదా, నా నోటిదా అన్నది మా ఇంట్లో ఈరోజుకీ తేలలేదు.

ఖాన్ చాచా పరుగెత్తుకొచ్చాడు. గింజలు చల్లుతూ "బాద్షా! బాద్షా!" అని పిలిచాడు. మా ఆయన తువ్వాలు పట్టుకుని వెంటపడ్డారు. వెంటపడిన కొద్దీ అది గడ్డిలో దూరంగా జారుకుంది. చివరికి ఖాన్ చాచా ఖాళీ పంజరం ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు. "యహా బిల్లీ హై, లోమ్డీ హై. చీకటి పడితే ఖలాస్," అన్నాడు. పిల్లులు, నక్కలు తిరిగే చోటు. బాద్షాకి దాక్కోవడం తెలీదు, తిండి వెతుక్కోవడం తెలీదు. మమ్మల్ని నాలుగు తిట్టినా బాగుండేది. పొద్దుగూకేలోగా ఆ పిట్టను పంజరంలోకి తేకుండా ఈ తోట గేటు దాటకూడదనుకున్నాను.

మధ్యాహ్నమంతా ఎండకి ఒక్క పిట్టా కూయలేదు. నీడలో కూర్చుని మావయ్య వేటే తలచుకున్నాను. దీమాన్ని చూసి అడవి కౌజుకి రోషం ఎందుకొస్తుంది? తన చోట్లో ఇంకొకడు దిగాడని. మరి బాద్షా చోటు ఏది? ఈ పంజరమే కదా! అందులోంచి ఇంకొకడు కూస్తే?

"చాచా, వెంటపడొద్దు. పంజరం నాకివ్వండి, మీరు కప్పుకునే చాదర్ కూడా," అన్నాను.

"ఖాళీ పంజరంతో ఏం చేస్తావు సిస్టర్?"

"ఖాళీ ఎందుకుంటుంది? దీమం నేనే."

ఎండ తగ్గాక గడ్డి మడి గట్టుమీద పంజరం పెట్టి, తలుపు వైపు వదిలేసి మిగతాదంతా ఆయన చాదర్ కప్పాను. పైకెత్తిన తలుపుకి దారం కట్టి, వెనకాల ఎండు ఖర్జూర మట్టల కుప్ప చాటుకు లాక్కున్నాను. దారం వదిలితే తలుపు పడిపోతుంది. మా ఆయన్ని, ఖాన్ చాచాని, వాళ్ల ఫోన్లని మోటారు గదిలో పెట్టి గడియ వేయించాను. చుడీదార్‌తో ఇసుకలో బోర్లా పడుకుని, పంజరం వెనక్కి నోరు ఆనించినంత దగ్గరగా పెట్టి కూశాను.

బదులు లేదు. కాసేపాగి మళ్లీ కూశాను. మూడోసారికి గడ్డి అవతలి కొసనుంచి వచ్చింది, కోపంగా, గొంతు చించుకుని. బాద్షానే! నాకు ప్రాణం లేచొచ్చింది. బదులు కూత నాలుక చివరిదాకా వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చాడు మావయ్య. ఊరుకోవడమే రాలేదు నీకు. పొద్దున్న మూడు పిట్టలు ఎందుకు తిరిగిపోయాయో అప్పుడర్థమైంది. అంతగా బదులిచ్చేవాడు తానే వెతుక్కుంటూ వస్తాడులే అని అవి ఆగిపోయాయి. చున్నీ కొస పళ్లమధ్య కరిచిపట్టుకున్నాను. అబ్బ, అంత కష్టం నా జన్మలో పడలేదు. చీమలు మోచేతి మీద ఎక్కి కుడుతున్నాయి. బాద్షా మళ్లీ కూసింది, ఈసారి దగ్గరగా. నేను ఊరుకున్నాను. నా ఇంట్లో కూసినవాడు ఇప్పుడు నోరెత్తడేం అని దానికి ఉడుకెక్కిపోతోంది. ఇంకోసారి, ఇంకా దగ్గరగా. నేను ఊరుకున్నాను.

ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. రొమ్ము పొంగించి, రెక్కలు కిందికి దించి, పరుగెత్తి ఆగి, మళ్లీ పరుగెత్తి వచ్చేసింది. పంజరం చుట్టూ తిరిగింది. చాదర్‌ని ముక్కుతో పొడిచింది. నాకూ దానికీ మధ్య జానెడు దూరం లేదు. అప్పుడొకే ఒక్కసారి, పెదవుల మధ్యనే, టిక్కుమన్నాను. బాద్షా తలుపులోకి దూసుకుపోయింది. దారం వదిలేశాను. తలుపు టప్పున పడింది.

"ప్రైజ్ ద లార్డ్! వచ్చేసింది! చాచా, వచ్చేసింది!" అని నేను పెట్టిన కేక ధైద్ బజారు దాకా వినపడి ఉంటుంది. అంతసేపూ మింగిన కూతలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. ఖాన్ చాచా వచ్చి పంజరం మీద చెయ్యి వేశాడు, తర్వాత అదే చెయ్యి నా తలమీద పెట్టాడు. "బేటీ, బాద్షాకి గద్దె తిరిగిచ్చావు," అన్నాడు హిందీలో. పొద్దున్నుంచీ సిస్టర్‌నే, అప్పుడు బేటీనయ్యాను. ఇద్దరం ఏడ్చాం. మా ఆయన కెమెరా జేబులో పెట్టేసుకుని, "పెళ్లయ్యాక నువ్వింతసేపు మాట్లాడకుండా ఉండటం ఇదే చూడటం. ఇంటికెళ్లి చికెన్ నేనే వండుతా," అన్నారు. వండారు కూడా. ఉప్పు ఎక్కువైంది, అయినా విజయోత్సవంలో వంకలు పెట్టకూడదు.

మర్నాడు ఫోన్ కార్డు గీకి మావయ్యకి చేశాను. మొత్తం కథ విని ఆయన ఒక్కటే అడిగాడు: "బదులొచ్చాక ఊరుకున్నావా?" ఊరుకున్నానన్నాను. తర్వాత, ఎన్నేళ్ల తర్వాతో, చింతలపూడి నుంచి ఫోన్‌లో కౌజు కూసింది. నా గొంతులో బదులు సిద్ధంగా ఉంది. నేను కదల్లేదు. ఆయన మళ్లీ కూశాడు. నేను ఊరుకున్నాను. మూడోసారి కూయబోయి నవ్వేశాడు మావయ్య, "వచ్చిందే నీకు!" అని. నాకు నర్సింగ్‌లో వచ్చిన మెడల్ కూడా అంత ఆనందం ఇవ్వలేదు.

మీరూ మార్చిలో ధైద్ తోటలకి వెళ్లాలనుకుంటే, యజమాని అనుమతి తీసుకోండి, పిట్ట జోలికి పోకండి. ఒక్క సలహా గుర్తుంచుకోండి: మీ కూతకి బదులొచ్చిన క్షణాన పంటి కింద ఏదైనా పెట్టుకోండి. చున్నీ అయితే మేలు.