రోజమ్మకు ఇటలీ పేరు

ముందే చెప్పేస్తున్నాను. నేను గోరంత ఉంటే కొండంత చెప్పే రకం. మా ఊళ్ళో నాలుగు చినుకులు రాలితే కంభం చెరువు అలుగు పారిందని రాస్తాను. ఇంట్లో వాళ్ళు నేను చెప్పిన దాంట్లో ముప్పాతిక తీసేసి మిగిలింది వింటారు. మీరూ అట్లాగే వినండి. ఇందులో అచ్చంగా నేను పుట్టించింది ఒకటుంది. అదేదో చివర్లో ఒప్పుకుంటాను.

మా అమ్మ పుట్టింది తర్లుపాడులో. కొమరోలు దగ్గర మా ఊరికి కోడలిగా వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఆమె పేరు తర్లుపాడామె. మా వైపు అంతే. పెళ్ళయిన ఆడమనిషి అత్తగారి ఊళ్ళో బస్సు దిగితే పేరు బస్సులోనే ఉండిపోతుంది, పుట్టినూరు మాత్రం ఆమెతో దిగుతుంది. మా వీధిలో కంభమామె, గిద్దలూరామె, మార్కాపురమామె ఉండేవాళ్ళు. వాళ్ళూ మా అమ్మా కలిసి కుళాయి దగ్గర పోట్లాడుకుంటుంటే ఎవరో రైల్వే టైంటేబుల్ గట్టిగా చదువుతున్నట్టుండేది. మా నాయన ఆ ఊరిపేరు కూడా వాడలేదు. "ఇదిగో" అనేవాడు. కాపురం మొత్తం మీద నాలుగు లక్షల ఇదిగోలు అని ఉంటాడు.

ఆమె అసలు పేరు రోజమ్మ. అమ్మ వాళ్ళ నాయన గొర్రెల కాపరి. తుమ్మపూలు, తంగేడుపూలు తప్ప ఎరగని మనిషి. ఒకరోజు తర్లుపాడు రైల్వే స్టేషన్లో కుండీలో రోజాపువ్వు చూసి అక్కడే నిలబడిపోయాడట. ఈలోగా మంద పట్టాలెక్కింది. రైలు మూడు గంటలు ఆగింది. స్టేషన్ మాస్టరు తిట్టిన తిట్లన్నీ గాలికి పోగా పువ్వు పేరొక్కటి తాతకు గుర్తుండిపోయింది. ఇంటికొచ్చేసరికి ఆడపిల్ల పుట్టి ఉంది.

సాయంత్రం మందను తోలుకొస్తూ, దొడ్డి తడిక తీయమని తాత మైలు దూరం నుంచే "రోజమ్మోవ్" అని కేక పెట్టేవాడట. నా చిన్నప్పుడు ఆ కేక గురించి మా అమ్మ చెప్పని రోజు లేదు.

"మా నాయన పోయినాంక నన్నెవురూ పిలవలేదురా," అనేది.

నా భార్యకు నెలలు నిండుతున్నప్పుడు అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టు నాయనా," అంది. ఆమె జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే. చీర కూడా అడగలేదు. నేను సరే అన్నాను.

ఆడపిల్లే పుట్టింది. చిక్కు నా భార్య దగ్గర వచ్చింది. అత్త పేరు కోడలు నోటితో పలకకూడదు కదా.

"పెట్టేదానికేముంది, పెట్టుకో. నేనెట్ల పిలిచేది?" అంది. "పాప అన్నం తినకపోతే, ఒసే రోజమ్మా, నీ మొహం మండా అని తిట్టాల. అత్త అరుగు మీదనే కూసోని ఉంటాది."

"తిట్టకుండా పెంచు."

"నీ కూతుర్ని తిట్టకుండానా? నీ పోలిక వచ్చిందంటే మూడు పూట్లా తిట్టాల."

అరుగు మీద ఉన్న అమ్మ లోపలికి వినబడేట్టు అంది. "తిట్టనీలే నాయనా. ఆ పేరు పెట్టే తిట్టమను. వినబడితే సాలు."

నేను నవ్వాను. జోకనుకున్నాను. మా ఇంట్లో జోకులు వేసేది నేనొక్కణ్ణేనన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

నేను మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాను. ఆ వారమే సరుకు చూడ్డానికి ఇటలీ నుంచి ఒకామె వచ్చింది. మా ఎండకు ఆమె మొహం ఉడకబెట్టిన బీట్‌రూట్ అయిపోయి, ఆమె దగ్గర నిలబడితే మనకు చెమట పట్టేది. మాటల్లో మా అమ్మ పేరు చెప్పాను. అంటే రోజాపువ్వే అని కూడా చెప్పాను. ఆమెకు ముచ్చటేసింది. వాళ్ళ దేశంలోనూ ముసలమ్మలకు రోజా అని ఉంటుందట. చిన్నపిల్లలకైతే దాన్నే రొసెల్లా అంటారట.

రొసెల్లా. నా తల తిరిగిపోయింది. అమ్మ పేరు పెట్టినట్టూ ఉంటుంది, భార్య నోరు కట్టేసినట్టూ ఉండదు. పైగా మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఇంకెవరికీ లేని పేరు. ఈ మూడో కారణమే అసలు కారణమని ఇప్పుడు తెలుస్తోంది.

ఇరవయ్యొకటో రోజు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాశాను. పేరు పళ్ళెంలో పట్టక పక్కింటి గడప దాకా వెళ్ళింది. "నీ పేరేనమ్మా ఇది," అన్నాను అమ్మతో. "ఇటలీలో అయితే నిన్నిట్లనే పిలుస్తారు." అమ్మ నవ్వి, "బాగుంది నాయనా, నా పేరు ఏరోప్లేనెక్కింది," అంది. అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఆ పేరు ఎవరికీ పనికి రాలేదు. నా భార్య ఒకటి రెండుసార్లు దాంతో తిట్టి చూసింది. "పేరు పలికేలోపల కోపం సల్లారిపోతాంది," అని మానేసి పాపా అని పిలిచింది. వీధి మొత్తం పాపా అంది. రొసెల్లా ఆధార్ కార్డులోనూ, బళ్ళో హాజరుపట్టీలోనూ ఉండిపోయింది. అమ్మ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పిల్లా అనేది.

పోయిన ఏడు అమ్మ పోయింది. కర్మకు ఫ్లెక్సీ కట్టించాను. ఫోటో కింద రోజమ్మ అని పెద్దక్షరాలు, కొమరోలు నుంచి కూడా కనబడేంత. భోజనానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు దాని ముందు ఆగారు.

"ఈ రోజమ్మ ఎవురబ్బా? పోయింది తర్లుపాడామె గదా?"

"ఫ్లెక్సీ వాడు తప్పు కొట్టినాడేమోలే బావా. ఫోటో మాత్రం సరిపోయింది."

వాళ్ళు భోజనానికి వెళ్ళాక నా కూతురు వచ్చింది. దానికిప్పుడు పన్నెండేళ్ళు. ఫ్లెక్సీ కేసి చాలాసేపు చూసింది.

"నాయనా, అవ్వ పేరు రోజమ్మనా?"

"అవును."

"నాకెవురూ చెప్పలా."

"నీ పేరు కూడా అదే గదమ్మా. ఇటలీలో అట్లంటారు."

"మనం ఇటలీలో లేం గదా," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక ఒప్పుకోవాల్సింది. రైలు మూడు గంటలు ఆగలేదు. ఇటలీ ఆమె మొహం కాస్త కందింది, అంతే. అవి మీరు ఎలాగూ నమ్మి ఉండరు. నేను పుట్టించింది ఏరోప్లేను మాట. మా అమ్మ అట్లా అనలేదు, నవ్వలేదు. ఆమెకు చదువు రాదు. పళ్ళెం వైపు వంగి, "ఏమని రాసినావు నాయనా?" అని అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడగలేదు.

చుట్టాలు వెళ్ళిపోయాక ఆ పళ్ళెం తీసుకుపోయి, బియ్యం చాటలో పోసుకుని, దొడ్లో కూర్చుని రాళ్ళేరింది. మర్నాడు ఆ బియ్యమే వండింది. నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.