వినపడేటట్టు చదవండే

మా మేనత్త పోయిన శుక్రవారం గురజాలలో కన్నుమూసింది. కబురు తెచ్చిన మనిషి, జనాజా మోసుకెళ్లే ఏర్పాట్లు అత్త వాళ్ల వీధి పెద్దే దగ్గరుండి చూస్తున్నాడని కూడా చెప్పాడు. ఆ మాటతో నాకు ఏడుపు ఆగిపోయింది. ఏడవడానికి తర్వాత బోలెడు పొద్దుంటుందనుకుని బండి కట్టించాను.

నేను పెరిగింది అత్త దగ్గరే. మాది దూదేకుల ఇల్లు. వసారాలో మామ విల్లు పట్టి దూది ఏకుతుంటే, ఆ పక్కనే అత్త ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. విల్లు మోతలో మా గొంతులు కలిసిపోతే ఒప్పుకునేది కాదు. "వినపడేటట్టు చదవండే, నోట్లో దూది కుక్కుకున్నారా ఏంది?" అనేది. మిగిలిపోయిన దూదితో చిన్న చిన్న దిండ్లు కుట్టేది. ఖురాన్ మొత్తం చదివిన పిల్లకు, గ్రంథం కింద పెట్టుకోవడానికి అలాంటి దిండొకటి ఇచ్చేది. నా దిండు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఖురాన్ అనే పేరుకు అర్థం మాకు మొదట చెప్పింది ఆమే. "కితాబంటే రాసింది. ఖురానంటే చదివి వినిపించేది. అరబ్బీలో చదవడమనే మాటలోంచే పుట్టింది ఆ పేరు. ముందు నోటితో చదివారు, చెవుల్తో విన్నారు. తోళ్ల మీదా ఎముకల మీదా రాసుకోవటం ఆ తర్వాత" అనేది. వాళ్ల నాన్న ఆమెకు అలాగే చెప్పాడట.

వీధి పెద్దకు బట్టల కొట్టుంది. ఒకనాడు మా వసారా ముందు నిలబడి, ఆడపిల్లల గొంతులు బజారుకు వినపడకూడదన్నాడు. అత్త కుదరదంది. ఆ మర్నాటి నుంచి పరుపుల పని మా గడప తొక్కలేదు, ఎందుకంటే ఆయన మాట కాదనే ఇల్లు ఆ వీధిలో లేదు. పొయ్యి వెలగని రోజులు వచ్చాక మామ బతిమాలాడు. అత్త తలుపులు మూసి, గుసగుసగా చదివించడం మొదలుపెట్టింది.

"పేరే వినిపించేదని గదే. ఇట్టా పెదాలాడిస్తే ఇదేం చదువే?" అని ఒకసారి నా ముందు ఏడ్చింది. ఆ మనిషిని క్షమించమని నాకు చాలామంది చెప్పారు. క్షమించడం పెద్ద మనసట. నాకంత మనసు లేదు, కావాలనీ లేదు.

నేను వెళ్లేసరికి ఆయన వాకిట్లో ఉన్నాడు. బట్టలు రేషను మీద దొరికే ఈ కంట్రోలు రోజుల్లో శవానికి చుట్టే కఫను గుడ్డ సంపాదించడం ఎంత కష్టమో వచ్చినవాళ్లకల్లా చెబుతున్నాడు. లోపల ఆడవాళ్లు ఖురాన్‌లోని భాగాలు తలా ఒకటి పంచుకుని కూర్చున్నారు. మాలో ఎవరు పోయినా అలా చదువుతారు, మెల్లగా.

"మెల్లగా వద్దు. అత్త చెప్పినట్టు చదవండి" అన్నాను.

"బయట ఆయనున్నాడమ్మా" అంది ఒక ముసలమ్మ.

"ఉండాలనే."

గొంతులు లేచాయి. కాసేపటికి, తగ్గించమని ఆయన మనిషిని పంపాడు. "అత్తను తీసుకుపోవాలంటే చదువు అవ్వాలి. అప్పటిదాకా నిలబడమను" అని చెప్పి పంపాను. ఎండ ముదిరింది. కిటికీలోంచి చూస్తే ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. నాకు చాలా హాయిగా అనిపించింది.

అప్పుడు దొడ్డి గుమ్మంలోంచి ఆయన కూతురు వచ్చింది. ఓణీ కింద ఏదో దాచుకుని ఉంది. తీసి చూపించింది. చిన్న దిండు, మా అత్త కుట్టు.

"ఎప్పుడు నేర్పిందే నీకు?"

"నాన్న కొట్టుకు పోయినాక ఈ గుమ్మంలోంచే వచ్చేదాన్నక్కా. అంతా గుసగుసగానే. గట్టిగా ఒక్కసారి కూడా చదవలా."

ఆ పిల్లను చదవనిస్తానా లేదా అని అందరూ నావైపు చూశారు. నాకు జాలి రాలేదని కాదు. "బయట మీ నాన్నున్నాడు. ఇంటికెళ్లాక నీ గతేందో ఆలోచించుకున్నావా?" అని అడిగాను.

"ఆలోచించుకునే వచ్చా" అంది. నేను జరగకముందే కిటికీ పక్కకు వచ్చి కూర్చుంది. దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద గ్రంథం తెరిచింది.

మొదట అలవాటుకొద్దీ గుసగుసే వచ్చింది. తర్వాత గొంతు విప్పింది. తక్కిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆపి వినసాగారు. వాకిట్లో వీధి పెద్ద తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆయన చేతిలో కఫనుకు పూసే అత్తరు సీసా ఉంది, మూత తీసి ఉంది. అది ఒరిగి అత్తరంతా మట్టిలో ఇంకిపోతున్నా ఆయన చూసుకోలేదు. ఆ పిల్ల పుట తిప్పి, ఇంకొంచెం గట్టిగా చదివింది.