గురువమ్మ పాడిన యుద్ధం

సముద్రం నడుమ దీవుల్లో ఉన్న డాలీగంజ్ పేట తెలుగువాళ్లలో గురువమ్మ దగ్గర చేపలు కొననివాళ్లు తక్కువ. అరవై ఏళ్ల మనిషి. చదువు రాదు గానీ పాట కట్టడం వచ్చు. చేపలు కోస్తూనే, బేరమాడేవాళ్ల మీద చరణాలు అల్లేస్తుంది. అందుకే తెలుగు సంఘం వాళ్లు యుద్ధం మీద పాటల పోటీ పెడుతున్నారని తెలియగానే కోడలు సాయిలక్ష్మి ఆమె పేరు ఇచ్చేసింది.

గురువమ్మ ఎరిగిన యుద్ధం ఒక్కటే. జపానువాళ్లు ఈ దీవులను పట్టుకున్న రోజుల్లో ఆమె అమ్మమ్మ బుల్లమ్మ చంటిబిడ్డతో ఇక్కడే ఉంది. తాతను విమానాలు దిగే మైదానం చదును చెయ్యడానికి లాక్కుపోయారు. ఇంట్లో దుంపలు తప్ప బియ్యపు గింజ లేదు. చిన్నప్పుడు విన్న ఆ కథనే గురువమ్మ పాటగా కట్టింది. కత్తులు, నిప్పులు, సింహగర్జనలు అన్నీ పెట్టి, గొంతు చించుకుని కోడలికి వినిపించింది.

"బాగుంది గానీ అత్తా, సినిమా ఫైటింగులాగుంది. బుల్లమ్మ మామ్మ అప్పుడు ఇలాగే అరిసిందేటి?" అంది సాయిలక్ష్మి.

"అరిస్తే సంపీయరా? బిడ్డ ఏడిస్తే నోరు మూసీసి, సెవిలో జోల పాడీదట."

అంటూనే గురువమ్మ ఆగిపోయింది. మర్నాడు చేపల గంప ముందు కూర్చుని పాటంతా మళ్లీ కట్టింది. కత్తులన్నీ పోయాయి. తెలుగు రాయడం రాని సాయిలక్ష్మి దాన్ని హిందీ అక్షరాల్లో రాసిపెట్టింది.

పోటీ మిడిల్ పాయింట్ అనే పేటలో ఒక హాల్లో జరిగింది. గురువమ్మ కంటే ముందు పాడిన ఏడుగురూ ఉరిమి వెళ్లారు. సంఘం పెద్ద, కాంట్రాక్టరు సన్యాసిరావు ఆమెను పిలిచి, "డప్పు రెడీగా ఉంది గురువమ్మా. జోష్‌తో పాడాలి, సమఝ్ గయీ?" అన్నాడు.

"డప్పొద్దు బాబూ. బిడ్డ నిద్ర లేచిపోద్ది."

జనం నవ్వారు. ఆమె కళ్లు మూసుకుని, పక్కనున్న పిల్లకు చెబుతున్నంత మెల్లగా పాట ఎత్తుకుంది.

"ఏడవకే నా తల్లి, ఊపిరి బిగబట్టు,
గుమ్మం ముందర బూట్ల చప్పుడు.
అయ్య వస్తాడు, అన్నం తెస్తాడు,
అందాక దుంప ముక్క చప్పరించు."

నవ్వు ఆగిపోయింది. వెనక వరసలవాళ్లు వినడానికి ముందుకు వంగారు. చరణం మారేకొద్దీ గొంతు ఇంకా తగ్గింది. ఆఖరి చరణంలో యుద్ధం ముగిసింది, రేవులోకి బియ్యం ఓడ వచ్చింది. అప్పుడు గొంతెత్తింది గురువమ్మ.

"ఏడవ్వే నా తల్లి, గట్టిగా ఏడు!
ఎవరూ కొట్టరు, గట్టిగా ఏడు!
అయ్యొచ్చినాడే, ఎముకల గూడై,
అన్నం పొంగిందే, గట్టిగా ఏడు!"

హాలంతా లేచి నిలబడింది. వద్దన్న డప్పును సన్యాసిరావే అందుకుని వాయించాడు. మొదటి బహుమతి ప్రకటిస్తూ, "గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ లేపాలో ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"ఎవులు నేర్పుతారు బాబూ? భయమేసినోళ్లు ఎలాగ మాటాడతారో అలాగ పాడినాను. భయం పోయినాక ఎలాగ మాటాడతారో అలాగే పాడినాను."

ఆడవాళ్లు ఆమెను వేదిక దిగనివ్వలేదు. ఆఖరి చరణం మళ్లీ, మళ్లీ పాడించారు. నాలుగోసారి గురువమ్మ పాడలేదు, చేతులు నడుమున పెట్టుకుని విన్నది. పాడింది హాలు.