పెద్ద బూరకు బంగారు రంగు

మా స్కూల్లో తోటి టీచరు కూతురి పెళ్లికి అద్దంకి రోడ్డులోని ఫంక్షన్ హాలుకు వెళ్లాను. గిఫ్టు ఇద్దామని స్టేజీ ఎక్కితే పెళ్లికూతురి సోఫా పక్కన మా నాన్న ఊదిన బూర కనబడింది. నిలువెల్లా బంగారు రంగు పూసి, నోట్లో ప్లాస్టిక్ గులాబీలు కుక్కి నిలబెట్టారు. గిఫ్టు కవరు నా చేతిలోనే ఉండిపోయింది.

దాని అసలు పేరు ట్యూబా. బ్యాండు మేళంలో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే మంద్రంగా మోగేది. మేము పెద్ద బూర అనేవాళ్లం. మామూలు రోజుల్లో నాన్న మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోసేవాడు, పెళ్లిళ్ల రోజుల్లో దీన్ని మోసేవాడు. రంగు పూసినా నేను గుర్తుపట్టింది కింది వంపు దగ్గర అరచేతంత మాటును చూసి. ఒకసారి ఊరేగింపులో పెళ్లివారి మనిషి తాగి తోసేస్తే నాన్న పడ్డాడు, బూర చిరిగింది. బూర బ్యాండు మాస్టారిది, కాబట్టి బాగుచేయించాల్సింది నాన్నే అని తీర్మానించారు. తోసినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇత్తడి చెంబును అమ్మ తీసి ఇచ్చింది. దాన్ని కోసి వేయించిన మాటు అది.

నాన్న ఎన్ని పెళ్లిళ్లలో ఊదాడో ఆయనకే తెలియదు. ఒక్క పెళ్లిలోనైనా పందిట్లో కూర్చోలేదు. మేళంవాళ్లకు చివరి బంతి, అదీ పందిరి బయట. అప్పటికి కూరలు అయిపోయేవి, మజ్జిగతో సరిపెట్టుకోమనేవాళ్లు. నాన్న అడుగుపెట్టలేని చోట ఇప్పుడు ఆయన బూర దర్జాగా నిలబడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డెకరేషన్ కాంట్రాక్టరును వెతికి పట్టుకున్నాను.

"దీనికి రంగెందుకు కొట్టావయ్యా?"

"నల్లగా ఉందండీ మేడమ్. ఇత్తడిలాగా మెరవాలని గోల్డ్ స్ప్రే కొట్టించాం. వింటేజ్ లుక్ అండీ."

ఇత్తడికి ఇత్తడి రంగు. కాస్త చింతపండు పెట్టి తోమాలన్న బుద్ధి ఒక్కడికీ పుట్టలేదు.

"ఇది ఊదేది. తెలుసా?"

"ఇప్పుడెవరు ఊదుతారండీ, డీజే ఉందిగా. ఇది షోపీసు."

డీజేలు వచ్చాక మేళం ఆగిపోయింది. నాన్న పోయాక మాస్టారి కొడుకులు సామానంతా తూకానికి అమ్మేశారని విన్నాను. ఇతను దాన్ని పాత ఇనప సామాన్ల కొట్లో కొన్నాడట. పెళ్లి అవగానే అడిగినంత ఇచ్చి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. వరండాలో దించగానే వంగి మాటు మీద చెయ్యి వేసి, "నా చెంబే ఇది" అంది. బూర గొంతులోంచి పూలు గుచ్చే స్పాంజి, థర్మాకోల్ ముక్కలు, నలిగిన టీ కప్పులు బయటికి లాగాను. ఒక్కొక్కటి తీస్తుంటే ఆ కాంట్రాక్టరును తిట్టని తిట్టు లేదు. చర్చి మనిషిని, టీచరును, అయినా తిట్టాను.

గుంటూరులో బ్యాండు సామాను బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. అమ్మనూ వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. వేళ్లతో నొక్కే మూడు వాల్వులూ రంగుతో అతుక్కుపోయాయి. ఆయన వాటికి కిరసనాయిలు పట్టించి, రోజుల తరబడి నానబెట్టి, ఓపిగ్గా ఊడదీశారు. రంగంతా ఒలిచాక మాటు చూపించి, "ఇది తీసేసి కొత్త రేకు వేస్తానమ్మా, చూడ్డానికి బాగుంటది" అన్నారు.

"దాని జోలికి వెళ్లకండి" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన తప్పేం లేదు పాపం.

పెదాలకు ఆనించే గిన్నెలాంటి ముక్క ఒక్కటే నాన్న సొంతం. దాన్ని జేబులో వేసుకుని తిరిగేవాడు. ఆయన పోయినప్పటి నుంచీ అది అమ్మ బైబిలు పెట్టెలోనే ఉంది. పెద్దాయన దాన్ని బూరకు బిగించి ఊదారు. కొట్టు రేకు తలుపు అదిరింది. చిన్నప్పుడు వీధి చివర్నుంచి వినబడితే నాన్న వస్తున్నాడని పరిగెత్తేదాన్నే, ఆ గొంతే. నాకు ఏడుపాగలేదు. అమ్మ మాత్రం, "ఆయన ఇంకా మెత్తగా ఊదేవాడు" అంది.

పోయిన నెల కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

"మేడమ్, తుళ్లూరు వైపు పెద్ద పెళ్లండీ. స్టేజీ మీదికి మీ బూర ఒక్కరోజు కావాలి."

"ఇస్తానయ్యా. దాంతోపాటు ఊదే పెద్దాయన కూడా వస్తారు. స్టేజీ మీద ఆయనకు కుర్చీ వెయ్యాలి. మొదటి బంతిలో భోజనం పెట్టాలి. సరేనా?"



"మనిషి వద్దండీ మేడమ్" అన్నాడు. "బూర చాలు."