సారుకు చేయని ఫోన్

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆబిడ్స్‌లో ఒక గుండె దవాఖానలో నర్సును. గుండె బలహీనపడినవాళ్లు ఇంట్లో పొద్దున్నే బరువు చూసుకుంటే, ఆ అంకె వాళ్ల ఫోన్ ద్వారా నా కంప్యూటర్‌లోకి వస్తుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతున్నట్టే. పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. వెంటనే ఫోన్ చేసి, కాళ్లు వాచాయా, ఆయాసం ఉందా అని అడిగి డాక్టరుకు చెప్పాలి.

ఒకరోజు కొత్త పేషెంట్లలో ఆయన పేరు కనిపించింది. నాంపల్లిలో మా బడి లెక్కల సారు. పదో తరగతిలో పరీక్షప్పుడు మా అక్క సుజాత బెంచీ కింద కాపీ చిట్టీ దొరికిందని, ప్రార్థన వేళ బడి మొత్తం ముందు మెడలో ‘దొంగ’ అని రాసిన అట్ట వేలాడదీసి నిలబెట్టాడు. నేను ఏడో తరగతి వరుసలోంచి చూశాను. అక్క మళ్లీ బడికి వెళ్లలేదు. చిట్టీ తనదేనని ఇంకో అమ్మాయి తర్వాత ఒప్పుకుంది. సారు మా ఇంటికి ఒక్క మాటైనా పంపలేదు.

రెండు నెలలు మర్యాదగానే ఫోన్లు చేశాను. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“సార్, సుజాత యాదికుందా? మెడల అట్టేసి నిలబెట్టిన్రు.”

ఆయన నవ్వాడు. “గట్ల ఎంతమందిని నిలబెట్టిన్నో! ఎవరని యాదికుంటరమ్మా?”

మరుసటి వారం ఆయన పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. ఫోన్ తీశాను. కింద పెట్టాను. కంప్యూటర్‌లో ఆయన పేరు కింద ‘చేశాను, ఎత్తలేదు’ అని రాశాను. మర్నాడు బరువు ఇంకా పెరిగింది. మళ్లీ అదే రాశాను. భయం వేసిందా? లేదు. ఆ కాళ్లకు చెప్పులు కూడా పట్టవని ఊహించుకుంటూ, నిమ్మళంగా టీ తాగాను.

మూడో రోజు ఊపిరాడక అంబులెన్స్‌లో తెచ్చారు. బతికాడు. కానీ రోజూ నాంపల్లి స్టేషన్ దాకా నడిచి వచ్చే మనిషి ఇప్పుడు గది దాటలేడు.

వార్డులో నా చేయి పట్టుకున్నాడు. “నువ్వు చేసినవంట బిడ్డా. నా ఫోనే మోగలే. పాడు ఫోన్ కొనిచ్చిండని మా పోరన్ని బాగ తిట్టిన.”

“ఔ సార్” అన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ అంతకన్నా, ఆయన అలా పడుకుని ఉండటం నాకు బాగుంది. చేయని తప్పుకు అక్క నిలబడ్డట్టే, చేయని తప్పుకు ఆ కొడుకు తిట్లు తిన్నాడని ఇంటికి వెళ్లాక గానీ తోచలేదు. తోచాక కూడా మర్నాడు నోరు విప్పలేదు. అప్పుడు ఆ సారుకూ నాకూ తేడా ఏముంది?

ఆయన మీద కోపం ఇంకా పోలేదు. పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. ఆ రెండు రోజులూ నేను ఫోన్ చేయలేదు. మరిచిపోలేదు. కావాలనే చేయలేదు. క్షమించమని అడగడం లేదు. ఇన్నాళ్లకు ఈ మాట నా చేత్తో రాశాను, అంతే. ఇప్పటికి అది చాలు.